గడప లోపలి చెప్పులు

మంచి బూట్లను దాచిపెట్టుకోవాలన్నది మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టని నియమం. రోజూ వేసుకునేవి అరిగిపోతాయి, పెళ్లిళ్లకు వేసుకునేవి డబ్బాలో ఉంటాయి. పత్రికలో డెస్కు మీద పనిచేసినన్నాళ్లూ నా కాళ్లకు సాదా చెప్పులే. తోలు బూట్లు మాత్రం ముక్కుల్లో పాత పేపర్ల ఉండలు కుక్కించుకుని, మెత్తటి బట్ట చుట్టుకుని అలమారా పైన ఉండేవి. ఏ దగ్గరి పెళ్లికో దిగేవి. దించినప్పుడల్లా నాకొక తృప్తి. కొన్నప్పటి మెరుపు ఎక్కడికీ పోలేదు కదా అనుకునేవాణ్ణి.

ఆ మెరుపుతోనే అవి ఒక మే నెల పెళ్లిలో విడిపోయాయి. నాగోలు రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో అక్షింతలు వేయడానికి వరుసలో నిలబడి ఉన్నాను. వెనకాయన భుజం తట్టి, "సార్, మీ బూట్లకెల్లి ఏందో రాలుతుంది" అన్నాడు. వంగి చూస్తే ఎర్ర తివాచీ మీద నల్లటి పొడి, మధ్యలో బొగ్గు పెళ్లల్లాంటి ముక్కలు. కాలెత్తితే పైభాగం వచ్చింది, అడుగు తివాచీ మీదే ఉండిపోయింది. రెండోది నేను చూస్తుండగానే మడమ దగ్గర బిస్కెట్‌లా విరిగింది. ఇట్లాంటి బూట్ల అడుగు, ఎవరూ తొక్కకపోయినా, మన ఉక్కకు డబ్బాలోనే పిండి అయిపోతుందని తర్వాత తెలిసింది. వాడుతూ ఉంటే ఇంకా కొన్నేళ్లు వచ్చేవట.

బూట్లను చేత్తో పట్టుకుని బయటికి వచ్చాను. స్కూటరు పార్కింగ్ స్థలం ఆ చివర ఉంది. మిట్టమధ్యాహ్నం, సిమెంటు నేల. పందెం కాసుకున్న పిల్లలు కొందరు చెప్పుల్లేకుండా ఆ నేలను దాటుతూ "అబ్బ, అబ్బ" అని ఎగిరి గంతులేస్తున్నారు. నేను వాళ్ల పక్కనుంచే తాపీగా నడిచి వెళ్లాను. నాకేమీ అనిపించలేదు. అనిపించనందుకు కూడా ఏమీ అనిపించలేదు.

సాయంత్రం మన్సూరాబాద్‌లోని మా ఫ్లాటులో కాళ్లు బారజాపుకుని పేపరు చదువుతుంటే, బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ చేతిలో చీర అట్లాగే ఆగిపోయింది.

"గదేంది కాలి కింద?"

"ఏది?"

"బొటనేలు కింద. ఇంత పెద్ద నీళ్ల బుగ్గ. మంట లేస్తలేదా?"

లేవడం లేదు. కాలు తిప్పి చూసుకుంటే నిమ్మకాయ చెక్కంత బుగ్గ ఉంది. వేలితో నొక్కాను. నొక్కింది ఇంకెవరి కాలినో అన్నట్టుంది.

షుగరు నాకు ఏళ్లుగా ఉన్నదే. మరునాడు ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గరి షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లాం. చిన్న వయసు అమ్మాయి. నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం ముక్కతో అరికాలు మీద అక్కడా ఇక్కడా తాకుతూ, "తగిలినప్పుడు చెప్పండి అంకుల్" అంది. చాలాసేపు ఎదురుచూశాను. ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆమె దారాన్ని డబ్బాలో పెట్టేస్తోంది. మా ఆవిడ నా ముఖం చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

"షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ పోయింది. ఇక తిరిగి రావడం కష్టం. ఉన్న కాళ్లను కాపాడుకోవాలి. ఇవాళ్టి నుంచి చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు."

"బయట వేసుకుంటూనే ఉన్నానమ్మా."

"ఇంట్లో కూడా అంకుల్. మంచం దిగితే చెప్పులు."

ఆ మాటకు మా ఆవిడ తల తిప్పింది. అప్పటిదాకా బుగ్గ గురించి ఉన్న భయం కన్నా పెద్దదేదో ఆమె ముఖంలో కనిపించింది.

డాక్టరు ఇంకా పొడిగించి చెప్పాల్సిన పని లేదు. మా అన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఎడమకాలి చిటికెన వేలికి చిన్న పుండు లేచింది, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, చివరికి మోకాలి కింది దాకా. ఇప్పుడు బయటికి వెళ్లేటప్పుడు కట్టుడుకాలు తగిలించుకుంటాడు. ఆ కాలు గోడకు ఆనించి ఉండగా చూసినవాడెవడూ నీళ్ల బుగ్గను చూసి నవ్వడు.

నలభై లైన్ల వార్తను పది లైన్లకు కుదించడం నేను చేసిన ఉద్యోగం. అదే బుద్ధితో ఆ రాత్రి లెక్కవేసుకున్నాను. ఇంటి ముందు ర్యాకులో ఉన్న పాత చెప్పుల గుట్టంతా పారేయాలి. నడకకు ఒక జత బూట్లు. పెళ్లికీ, పేరంటానికీ, వానకూ అన్నింటికీ పనికొచ్చేలా ఒక జత శాండిల్స్. ఇంట్లోకి ఒక జత. మూడే మూడు. వీటిలో దేన్నీ డబ్బాలో దాచేది లేదు. ఈ ఏర్పాటు నాకు ఎంత నచ్చిందంటే, పని సగం అయిపోయినట్టే అనుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కన చెప్పుల దుకాణాలకు కొదువ లేదు. బస్సు దిగితే ఒక దుకాణం, రోడ్డు దాటితే ఇంకొకటి, వాటి మధ్య తోపుడుబండ్లు. కోచింగ్ సెంటర్ల పిల్లలు నిలబడిన చోటే కాళ్లు దూర్చి, బాగుందనుకుని, కొని వెళ్లిపోతుంటారు. నేను మాత్రం సాయంత్రాలే వెళ్లేవాణ్ణి, కాళ్లు కాస్త ఉబ్బేది అప్పుడే కనుక అప్పుడే కొనమని డాక్టరు చెప్పింది. ముందు వెడల్పుగా ఉండాలి. వేళ్ల మధ్య పట్టీ ఉండొద్దు. వెనక పట్టీ ఉండాలి. లోపల కుట్లు తగలొద్దు. ఇవన్నీ చెప్పేసరికి ఒక దుకాణదారు, గుంటూరు వైపు మనిషి, కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు.

"షుగరాండీ?"

"అవును."

"అలా ముందే చెప్పాలి కదండీ" అని లోపలికి వెళ్లి ఒక జత తెచ్చాడు. నల్లగా, మందంగా, మూడు వెల్క్రో పట్టీలతో, లారీ టైరును కోసి కుట్టినట్టున్నాయి. షుగర్ చెప్పులట. పక్కన కూర్చున్న మా ఆవిడ వాటిని తిరగేసి చూసింది.

"గివేసుకొని పెండ్లికి పోతే, పెండ్లోళ్లు నిన్ను కుర్చీల కూసోబెట్టి గ్లూకోజ్ ఎక్కిస్తరు" అంది.

"మరి మామూలు వాటిలో వెడల్పు ఉన్నవి?" అని అడిగాను.

ఆయన గోధుమరంగు శాండిల్స్ తెచ్చి తొడిగాడు. "ఎలా ఉన్నాయండీ? బిగుతా?"

"తెలియదు."

"ఓ నాలుగడుగులేసి చూడండి."

వేశాను.

"ఇప్పుడండీ?"

"ఇప్పుడూ తెలియదు."

ఆయన నా ముఖం వంకా, నా కాళ్ల వంకా చూశాడు. ఎగతాళి చేస్తున్నానేమో అని అనుమానం. "మీ కాలండీ అది. మీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుందండీ?"

చెప్పు కరిస్తేనే కదా అది సరిపోలేదని తెలిసేది. కరిచినా తెలియనివాడికి ప్రపంచంలోని చెప్పులన్నీ సరిపోయినట్టే ఉంటాయి. అన్నేళ్లు ఇతరుల మాటలు సరిదిద్దినవాణ్ణి, నా కాలి గురించి నేనే సాక్ష్యం చెప్పలేకపోతున్నాను. ఆ సాయంత్రం ఏమీ కొనకుండా వచ్చేశాం.

డాక్టరుకు ఫోన్ చేస్తే ఒక ఉపాయం చెప్పింది. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీసుకోవాలి, ఆ బొమ్మను కత్తిరించి చెప్పులో పెట్టి చూడాలి. ఎక్కడా మడత పడకుండా పడుకుంటే అది మన చెప్పు. మా ఆవిడ పోచంపల్లి మగ్గాల ఇంట పుట్టింది. చీర అంచు మీద దారం ఎక్కడ జరిగినా పట్టేసే కన్ను. "కదల్చకు కాలు, కదిలితే బొమ్మ పోతది" అని కసురుతూ క్యాలెండర్ వెనక వైపు నా రెండు పాదాలూ గీసింది. ఎడమది కుడిదాని కన్నా వెడల్పు. ఇంత వయసొచ్చాక ఆ సంగతి తెలిసింది.

ఆ రెండు కాగితపు పాదాలను కవరులో పెట్టుకుని మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ తిరిగాం. ప్రతి చెప్పులోనూ చిటికెన వేలి దగ్గర కాగితం లేచి నిలబడేది. "కాయితం పట్టుకొచ్చిండ్రేంది సార్, జాకెట్ కుట్టియ్యాల్నా?" అని ఒక సేల్స్‌మన్ అడిగితే చుట్టూ ఉన్న ఆడపిల్లలు నవ్వారు. పెద్ద సైజు తీసుకుంటే ముందు సరిపోతుంది, మడమ జారుతుంది. మడమ సరిపోతే ముందు నొక్కేస్తుంది. మన కాళ్ల వెడల్పును ఏ కంపెనీ వాడూ ఎప్పుడూ కిందికి వంగి చూసినట్టు లేదు. చిన్నప్పుడు నల్లగొండ జిల్లా నేల మీద ఒట్టి కాళ్లతో నడిచినవాళ్లం, వేళ్లు విచ్చుకునే పెరిగాయి. ఈ బూట్లన్నీ పుట్టినప్పటి నుంచీ సాక్సులు వేసుకున్న వాళ్ల కోసం కుట్టినవి.

వానాకాలం మొదలయ్యే వేళకు ఎట్లాగో రెండు జతలు దొరికాయి. బూడిదరంగు నడక బూట్లు, ముందు మూసి ఉన్న గోధుమరంగు శాండిల్స్. మా ఆవిడ చేయి లోపల పెట్టి, చీర నేత చూసినట్టు అంగుళం అంగుళం తడిమి, "కుట్టు తగుల్తలేదు" అన్నాకే డబ్బాలో పెట్టించింది. అన్నింటికీ పనికొస్తాయనుకున్న ఆ శాండిల్స్ తొలి వానకే నీళ్లు తాగేశాయి. లోపలి మెత్త రోజుల తరబడి ఆరలేదు. తడి చెప్పులు వేసుకోవద్దని డాక్టరు. సరే, వానకు వేరే రబ్బరు జత. మూడు కాస్తా నాలుగయ్యాయి. అయినా అసలు గొడవ అది కాదు.

అసలు గొడవ మూడో జత, ఇంట్లోది.

"ఇంట్ల చెప్పులేందయ్యా?" అని మా ఆవిడ మొదటి రోజే తేల్చేసింది. "దేవుడున్న ఇల్లు. అన్నం వండుకునే ఇల్లు. బయట ఉమ్మి తొక్కొచ్చిన చెప్పులు లోపలికి తెస్తవా?"

"బయట తొక్కవు. కొత్తవి. ఇంట్లోకే."

"కొత్తయితే చెప్పులు కావా?"

ఆమెను తప్పుపట్టడం తేలిక కాదు. వాళ్ల పుట్టింట్లో మగ్గం గుంటలోకి దిగాలంటే కాళ్లు కడుక్కుని దిగాలి. మగ్గానికి బొట్టు పెట్టి మొక్కే ఇల్లు, చెప్పులు వీధి అరుగు దగ్గరే ఆగిపోయేవి. వాళ్ల నాన్న కాళ్ల కింది కర్రలను తొక్కుతూ నేసేది ఒట్టి పాదాలతోనే, కర్ర ఎంత కదిలిందో అరికాలికి తెలియాలి. ఆ ఇంటి పిల్లకు డాక్టరు మాట ఎక్కలేదు. నేను డాక్టరు మాటనే తిరిగి తిరిగి అప్పజెప్పేవాణ్ణి. పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. అన్న కాలు కూడా గుర్తుచేసేవాణ్ణి. "అపశకునపు మాటలు మాట్లాడకు" అనేది.

చివరికి ఆమె తనే ఒక మార్గం కనిపెట్టింది. మెత్తటి నీలంరంగు జత ఒకటి కొనుక్కొచ్చి, తలుపు దగ్గర పసుపునీళ్లు చల్లి లోపలికి తీసుకుంది. షరతులు పెట్టింది. ఇవి గడప దాటొద్దు. వంటింట్లోకి రావొద్దు. దేవుడి గది వైపు చూడొద్దు. మిగతా ఇల్లంతా తిరగొచ్చు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఉండకూడదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం సగం గెలిచాననుకున్నాను.

ఒక ఉదయం కొరియర్ అబ్బాయి లిఫ్టు దగ్గర నుంచే పిలిచాడు. వెళ్లి సంతకం పెట్టి, కవరు తీసుకుని వెనక్కి తిరిగితే మా ఆవిడ తలుపులో నిలబడి ఉంది. నా కాళ్లవైపు చూస్తోంది.

"దాటినవా?"

"రెండడుగులు..."

"అక్కడ్నే ఇడువు."

ఆ నీలం జత ఆ క్షణం నుంచి బయటి చెప్పుల్లో కలిసిపోయింది. ఎంత కడిగినా లోపలికి రాలేదు. ఇంకో జత వచ్చింది. బాత్రూములోకి వేసుకెళ్లినవి హాల్లో తిరగకూడదని తర్వాత తెలిసింది, అందుకని బాత్రూముకు ఒకటి. బాల్కనీ బయటా లోపలా అన్న చర్చ కొన్ని రోజులు నడిచి, బయటే అని తీర్పు వచ్చింది, దానికొకటి. మూడు జతలతో సరిపెట్టుకుందామని బయలుదేరిన మనిషి ఇంట్లో గడప గడపకూ ఒక జత మొలిచింది. పొద్దున లేచి బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోసి రావాలంటే చెప్పులు మార్చడంతోనే సరి. మార్చేటప్పుడల్లా తలుపు పట్టుకుని ఒంటికాలి మీద ఊగుతూ నిలబడేవాణ్ణి. స్పర్శ లేని కాలికి నిలకడ కూడా తక్కువ. పుండు సంగతి దేవుడెరుగు, పడి తుంటి విరుగుతుందేమో అని నాకు భయం పట్టుకుంది.

ఇవన్నీ అన్నకు ఫోన్లో చెప్పుకుంటే పగలబడి నవ్వాడు.

"తమ్మీ, నేను ఇంట్ల ఉన్నప్పుడు ఒక్క చెప్పుతోనే తిరుగుత. ఇంకోటి కాళీగనే ఉంటది. నీకు తక్కువ పడితే చెప్పు, పంపిస్త."

"నవ్వులాట కాదన్నా."

"నవ్వులాట కాదనే నవ్వుతున్న రా."

శ్రావణంలో ఒక శనివారం కాలనీ ఆంజనేయస్వామి గుడిలో శాండిల్స్ పోయాయి. నేను గుడి లోపలికి వెళ్లలేదు, మెట్ల దగ్గరి బెంచీ మీద కూర్చుని శాండిల్స్ విప్పి, కాళ్లు బెంచీ మీదికే మడుచుకుని దండం పెట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి లేవు. అంత వెతికి, కాగితం పెట్టి కొలిచి కొన్న జత.

"శని పోయింది పో" అంది దర్శనం చేసుకుని వచ్చిన మా ఆవిడ సంతోషంగా. శనివారం గుళ్లో చెప్పులు పోతే పట్టిన శని వదిలినట్టేనని ఆమె గట్టి నమ్మకం. "నీ పీడంతా ఎత్తుకపోయిండు పాపం, ఎవడో."

"ఆ పీడ వాడి కాలికి సరిపోదు. ఎడమవైపు వెడల్పు ఎక్కువ."

ఒట్టి కాళ్లతో ఇంటికి నడవనన్నాను. ఆమె ఇంటికి వెళ్లి చెప్పులు తెచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు పలకరిస్తున్నారు. ఒకావిడ ప్రసాదం చేతిలో పెట్టింది. ఎంతకీ రాదేమని చూస్తుంటే చివరికి వచ్చింది, బాల్కనీ చెప్పులు పట్టుకుని. హాల్లోవి ఎదురుగానే ఉన్నాయట, కానీ వాటిని బయటికి తేవడానికి చేతులు రాలేదట.

ఆ శ్రావణంలోనే ఇంకో రోజు దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, వంటింట్లో చిప్పలోంచి ముక్కలు తీశాను, ఒప్పందం ప్రకారం ఒట్టి కాళ్లతోనే. తర్వాత నా చెప్పులు వేసుకుని హాల్లోకి వచ్చి, పేపరు చదివి, భోంచేసి, కునుకు తీశాను. మధ్యాహ్నం మా ఆవిడ నన్ను లేపింది. చేతిలో నా చెప్పు ఒకటి పట్టుకుని ఉంది.

"కాలు చూపియ్యి."

నా చెప్పు లోపలంతా ఎర్రగా ఉంది. మడమలో కొబ్బరి చిప్ప పెళ్ల ఒకటి నిలువునా దిగి ఉంది. దాని మీదే పొద్దుటి నుంచీ నడిచాను.

డాక్టరు దాన్ని తీసి, కట్టు కట్టి, "ఇది ఎక్కడ గుచ్చుకుంది అంకుల్?" అంది. వంటింట్లో అని చెప్పాను. ఆమె మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ తల వంచుకుని, "ఇగ జాగ్రత్తగ ఉంటమమ్మా" అంది. ఇంటికి వచ్చాక నిజంగానే జాగ్రత్తగా ఉంది. వంటిల్లు మూడు పూటలా ఊడ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో నేలంతా తడిమి, పెళ్లలు ఏరింది. ఆమె నేలను మార్చడానికి సిద్ధపడింది గాని నియమాన్ని కాదు. అట్లా నేల మీద వంగిన మనిషిని కోప్పడడం నా వల్ల కాలేదు. కోపం మాత్రం తగ్గలేదు. గాయం మానడానికి దసరా దాకా పట్టింది. అన్నాళ్లూ కట్టు మార్చినప్పుడల్లా ఇద్దరం ఒకే మాట మనసులో పెట్టుకుని, దాన్ని తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్లం.

ఆ తర్వాత మీర్‌పేటలో అన్న కొడుకు కట్టుకున్న ఇంటికి గృహప్రవేశం. నేను ముందుజాగ్రత్తగా ఎక్కడా నేల తాకని కొత్త జత ఒకటి గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్లాను. గేటు లోపల శామియానా, గుమ్మం ముందు చెప్పుల గుట్ట, లోపల అద్దంలా మెరిసే తెల్ల టైల్స్. వ్రతం మొదలైంది. పంతులు గొంతు మైకులో వినిపిస్తోంది. నేను సంచిలో చేయి పెట్టగానే మా ఆవిడ నా చేయి పట్టుకుంది.

"ఇయ్యాల ఒక్కరోజు. కొత్త ఇల్లు, పూజ నడుస్తుంది. అందరు చూస్తరు. నాలుగడుగులే గదా."

"కొబ్బరి చిప్ప కూడా నాలుగడుగుల్లోనే దిగింది."

"గిప్పుడా గ మాట? అక్క ఏమనుకుంటది?"

అక్క అంటే మా వదినె. మా ఆవిడకు యారాలు, తోడికోడలన్నమాట, పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమె మాటంటే భయమూ గౌరవమూ. నేను శామియానా కింద కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆవిడ కాసేపు నిలబడి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే అన్న పీటల వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, రమ్మని చేయి ఊపాడు. రానని తల ఊపాను. సొంత అన్న ఇంటి శుభకార్యానికి వచ్చి, వాకిట్లో టెంటు సామాను కాపలావాడిలా కూర్చున్నాను. ఎవరి మీద కోపమో కూడా తేల్చుకోలేకపోయాను.

కాసేపటికి వదినె బయటికి వచ్చింది. చేతిలో పాలు పొంగించిన గిన్నె, కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. వెనక మా ఆవిడ.

"బయట కూసున్నవేంది? నిన్ను పిలవడానికి మళ్ల కార్డు అచ్చెయ్యాల్నా?"

"చెప్పుల్లేకుండా నడవొద్దన్నారు వదినె. చెప్పులతో లోపలికి..."

"ఎవ్వరొద్దన్నరు?"

మా ఆవిడ తన కాళ్లవైపు చూసుకుంటోంది. వదినెకు అర్థమైంది. గిన్నెను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"మీ అన్నకు గూడ గడప కాడ నేనే ఇడిపించిన, దినాం. మూలకు బోళ్లు తోమే జాలారి కాడ గుచ్చుకుందో, యాడ గుచ్చుకుందో. ఇప్పుడు ఇంట్లకొస్తే కాలే ఇప్పి పక్కకు పెడ్తుండు" అంది. ఆ మాట ఉల్లిగడ్డల ధర చెప్పినట్టే చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏసుకొని రా. పాలు సల్లారుతున్నయ్" అని లోపలికి వెళ్లిపోయింది.

మా ఆవిడ కుర్చీ మీది సంచి తీసింది. కొత్త చెప్పులు బయటికి తీసి, గడపకు అవతల, ఆ తెల్ల టైల్స్ మీద, నా కాళ్లకు అందేలా పెట్టింది. ఎవరో ముసలామె "ఓ పిల్లా, గదేంది?" అంది. మా ఆవిడ వినిపించుకోలేదు. నేను పూజ గది పక్కగా నడిచి అన్న దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. అన్న నా చెప్పుల వైపు చూసి, "మంచిగున్నయ్ రా, యాడ తీసుకున్నవ్?" అన్నాడు. 

ఇంత జరిగాక నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆటోలో తిరిగి వస్తూ ఉడికిపోయాను. నెలల తరబడి నేను చెప్పాను. చదువుకున్న డాక్టరు దారం పెట్టి మరీ చూపించింది. మడమలోంచి పెళ్ల తీసి ట్రేలో వేసింది. అవేవీ చేయలేని పని వదినె ఒక్క మాటతో చేసేసింది. సాగర్ రింగు రోడ్డు దగ్గర ఆటో ఆగినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

"నేను చెప్తే ఎందుకు వినలేదు?"



"నువ్వు చెప్తే పేపర్ల వార్త లెక్క ఉంటది. ఎవ్వరికో అయినట్టు" అంది. "అక్క చెప్తే నా చేతులతోటే అయినట్టు అనిపించింది."

అయినా కోపం పోలేదు.

మరునాడు పొద్దున ఆమె బాత్రూముదీ హాల్లోదీ తప్ప మిగతా ఇంటి జతలన్నీ సంచిలో కట్టేసి, హాల్లోదాన్ని నా మంచం పక్కన పెట్టింది. వంటింట్లోంచి కేకేసింది. "చాయ్ అయ్యింది. రా, ఏసుకొనే రా."

వేసుకునే వెళ్లాను. హాలు దాటాను. పొయ్యి దగ్గరికి వెళ్లి గ్లాసు అందుకున్నాను. ఆమె గరిటె పట్టుకుని నా కాళ్ల వైపు చూస్తూ నిలబడిపోయింది.

"చెప్పులేవి?"

వెనక్కి తిరిగి చూశాను. వంటింటి గడప అవతల పక్కపక్కనే, బుద్ధిగా, ముక్కులు నావైపు తిప్పి ఉన్నాయి. ఎవరూ విప్పమనలేదు. ఎప్పుడు విప్పానో నాకు తెలియలేదు.

"నన్ను తిట్టుకుంట ఇన్ని దినాలు తిరిగినవ్" అంది మా ఆవిడ. "పో, ఏసుకొని రా."

వెళ్లి వేసుకున్నాను. గడప మీద కాలు మళ్లీ ఆగింది. ఆమె స్టౌ ఆపి, నేను లోపల అడుగు పెట్టేదాకా చూస్తూ నిలబడింది.